బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందా?

సంత్రాగాఛి (కోల్‌కతా): హుగ్లీ నదిపై 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువును దాటి పడమటికి సాగే కోనా ఎక్స్‌ప్రెస్ మార్గం హౌరాలోని సంత్రాగాఛి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిని చేరుతుంది. భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే రహదారి అదే. ఈ దారి పొడవునా ఏ ఊరిలో కొత్త కారు కొన్నవారికైనా ఎదురయ్యే సందేహం ఒక్కటే. వారంటీ గడువు ముగియక ముందు తెలిసిన మెకానిక్ చేత ఆయిల్ మార్పించుకుంటే, రేపు ఇంజన్ చెడినపుడు కంపెనీ బాధ్యత వహిస్తుందా?

‘అధీకృత వర్క్‌షాపులో తప్ప మరెక్కడ సర్వీసు చేయించినా వారంటీ చెల్లదు’ అన్న హెచ్చరిక వాహనదారులకు కొత్త కాదు. దీనికి భయపడి ఖర్చు ఎక్కువైనా డీలరు వద్దకే వెళ్లేవారు అనేకులు. అయితే ఇటువంటి గంపగుత్త షరతు తగదని కాంపిటీషన్ కమిషన్ 2014లోనే స్పష్టం చేసింది.

14 కంపెనీలపై జరిమానా

ఒక వినియోగదారు 2011లో మూడు కార్ల కంపెనీలపై చేసిన ఫిర్యాదుతో ఈ వ్యవహారం మొదలైంది. విడిభాగాలను, లోపాలను కనిపెట్టే పరికరాలను బహిరంగ విపణిలో అమ్మకుండా కంపెనీలు తమ డీలర్లకే పరిమితం చేస్తున్నాయన్నది ఆరోపణ. దర్యాప్తు ఇతర కంపెనీలకూ విస్తరించింది. 2014 ఆగస్టు 25న వెలువడిన ఉత్తర్వులో కమిషన్ 14 కంపెనీలపై మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఒక్కొక్క కంపెనీ సగటు వార్షిక టర్నోవరులో 2 శాతాన్ని జరిమానాగా లెక్కగట్టింది.

విడిభాగాలను స్వతంత్ర గ్యారేజీలకు అందుబాటులో ఉంచాలని ఆదేశించడంతోపాటు కమిషన్ వారంటీ విషయాన్నీ ప్రస్తావించింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీని పూర్తిగా రద్దు చేయరాదని పేర్కొంది. బయటి మరమ్మతులో జరిగిన తప్పు వల్ల నష్టం వాటిల్లితే, ఆ నష్టం మేరకు మాత్రమే వారంటీని నిరాకరించవచ్చునని తెలిపింది.

కంపెనీలు దీనిపై అప్పీలుకు వెళ్లాయి. కొన్ని కంపెనీల అప్పీళ్లపై 2016 డిసెంబరులో తీర్పు చెప్పిన అప్పీలు ట్రిబ్యునల్, ఉల్లంఘన జరిగిందన్న నిర్ణయాన్ని సమర్థిస్తూనే జరిమానాను తగ్గించింది. మరికొన్ని కంపెనీలు హైకోర్టులను ఆశ్రయించాయి. కనుక కమిషన్ ఉత్తర్వు చూపించగానే ప్రతి డీలరూ తలవంచుతాడని ఆశించడానికి లేదు.

అంబాసిడర్ నాటి రోజులు వేరు

జరిమానా పడిన 14 కంపెనీలలో హిందుస్థాన్ మోటార్స్ కూడా ఉంది. హౌరాకు ఎగువన ఉత్తర్‌పారాలో ఆ కంపెనీ తయారుచేసిన అంబాసిడర్‌ను స్పానర్లతోనే బాగుచేసే మెకానిక్‌లు ఊరూరా ఉండేవారు. 2014 మే నెలలో ఆ కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది. నేటి కార్లలో ఇంజన్ మొదలు బ్రేకుల వరకు ఎలక్ట్రానిక్ పరికరాల అదుపులో ఉంటాయి. లోపం ఎక్కడుందో తెలియాలంటే తగిన సాఫ్ట్‌వేర్ ఉండాలి. అది కంపెనీ చేతిలోనే ఉంటే నేర్పరి అయిన మెకానిక్ సైతం నిస్సహాయుడే.

ఇతర దేశాలు ఈ సమస్యపై ముందే దృష్టి సారించాయి. ఫలానా కంపెనీ విడిభాగాలే, ఫలానా వారి సర్వీసే వాడాలని వారంటీకి ముడిపెట్టడాన్ని అమెరికా 1975 నాటి చట్టంతో కట్టడి చేసింది. ఐరోపా సమాఖ్య 2002, 2010 నిబంధనలతో స్వతంత్ర గ్యారేజీలకు రక్షణ కల్పించింది. భారత ప్రభుత్వం 2022లో ‘మరమ్మతు హక్కు’పై కమిటీని నియమించింది.

రసీదే రక్ష

వివాదం తలెత్తితే వాహనదారును కాపాడేది కాగితమే. కంపెనీ పుస్తకంలో సూచించిన గడువు, కిలోమీటర్లు దాటకుండా సర్వీసు చేయించాలి. సూచించిన గ్రేడు ఆయిల్‌నే, సరైన ఫిల్టర్లనే వాడాలి. గ్యారేజీ బిల్లుపై తేదీ, వాహనం నంబరు, మీటరు రీడింగు, ఆయిల్ గ్రేడు, మార్చిన భాగాల పేర్లు ఉండాలి. ఉచిత సర్వీసులను మాత్రం డీలరు వద్దే చేయించుకోవడం లాభదాయకం. అక్కడ కూలీ ఉండదు, ఆయిల్ వంటి వాటికి మాత్రం డబ్బు చెల్లించాలి. బయట హారన్లు, లైట్ల కోసం వైర్లు కత్తిరిస్తే విద్యుత్ లోపాలపై వారంటీ కోరడం కష్టమవుతుంది.

అయినప్పటికీ వారంటీని నిరాకరిస్తే కారణాన్ని లిఖితపూర్వకంగా అడగాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కారు హౌరాలో కొన్నా, విజయవాడలో నివాసముండే వారు అక్కడే న్యాయం కోరే వీలుంది.