మిగులు చమురు

2025 జనవరిలో ముంబయి హై చమురు క్షేత్రానికి సాంకేతిక సేవల భాగస్వామిగా బ్రిటన్ సంస్థ బీపీని ఓఎన్‌జీసీ ఎంచుకున్నప్పుడు పాత క్షేత్రాల్లో మిగిలిపోయిన చమురు విషయం వార్తల్లోకి వచ్చింది. ముంబయి తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరాన 1974లో బయటపడిన ఈ క్షేత్రంలో 1976 నుంచి చమురు తీస్తున్నారు. ఇప్పుడు దిగుబడి బాగా తగ్గింది. అంతమాత్రాన నిల్వ అయిపోయినట్టు కాదు.

చమురు భూగర్భంలో చెరువులా నిలిచి ఉండదు, రాతిలోని సన్నని రంధ్రాల్లో ఉంటుంది. ఇక్కడిది ప్రధానంగా సున్నపురాయి. ద్రవం తేలిగ్గా పారే పొరలూ, పారనివీ ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఒత్తిడి తగ్గకుండా నీటిని పంపిస్తే, అది తేలిక దారి పట్టుకుని నేరుగా బావిలోకి వచ్చేస్తుంది. పక్క పొరలోని చమురు కదలదు. నీరు పారిన పొరలోనూ కొంత చమురు రంధ్రాల్లోనే చిక్కుకుపోతుంది. ఈ రెండింటికీ మందు వేర్వేరు.

అందుకే ముందు మిగిలిన చమురు ఆచూకీ పట్టాలి. పాత బావిలోకి పరికరం దించి, ఉక్కు గొట్టం అవతలి రాతిలోకి న్యూట్రాన్లను వదులుతారు. ఉప్పునీటిలోని క్లోరిన్ వాటిని చప్పున మింగేస్తుంది, చమురు అలా మింగదు. అవి ఎంత వేగంగా తగ్గాయో కొలిస్తే నీరు చేరని పొర తెలిసిపోతుంది. ఆ పొరలోకి పాత బావి నుంచే పక్కదారి తొలవచ్చు. చిక్కుకున్నదాన్ని విడిపించడానికి రసాయనాలో, వాయువో పంపాలి, అది ఖరీదైన పని.

ప్లాట్‌ఫాంలు, పైపులైన్లు సిద్ధంగా ఉన్నచోట ఈ గాలింపుపై ఖర్చు పెట్టడం ముమ్మాటికీ సబబే.