ఎముకల్లో దిగిన నీళ్లు

ఆరోగ్య కార్యకర్త రూపాయి బిళ్ల ఒకటి నేల మీద వేసి, మోకాళ్లు వంచకుండా తీయమంటుంది. తర్వాత గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటుంది. చివరగా చేతులు చాపి, మోచేతులు మడిచి తల వెనక పట్టుకోమంటుంది. ఊళ్లో ఫ్లోరోసిస్ జాడ తీయడానికి వాడే తేలిక పరీక్షలివి. నలభై నిండని మనిషి బిళ్ల కోసం వంగబోయి, సగంలో ఆగి, నడుం పట్టుకుని గోడ ఆసరా వెతుక్కున్నాడంటే ముందు ఆ ఊరి బోరునే అనుమానించాలి.

చూడబోతే ఆ నీళ్లు తేటగానే ఉంటాయి. ఈ జబ్బు తెచ్చే ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏదీ లేదు. కాచి చల్లార్చి తాగమని పెద్దలు చెప్పే మాట టైఫాయిడ్‌కు, కలరాకు పనికొస్తుంది. ఇక్కడ ఎదురు తిరుగుతుంది. కాచేకొద్దీ నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. బ్లీచింగ్ పౌడరుతోనూ పోదు.

ఫ్లోరైడ్ అనగానే అందరికీ నల్లగొండే గుర్తొస్తుంది. కానీ మన దేశంలో ఈ జబ్బు మొదట పట్టుబడింది అక్కడ కాదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ప్రచురించిన పత్రం అప్పటి నెల్లూరు జిల్లా గురించి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం అది. వెన్ను బిగుసుకుపోయిన రైతులను చూసి, వాళ్లు తాగే నీళ్లలోనే కారణం ఉందని ఈ ముగ్గురూ తేల్చారు. ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు మూలమేమిటో పరిశోధకులు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. ఫ్లోరోసిస్‌కు ఆ సాకు లేదు. ఎందుకొస్తుందో ఎనిమిది దశాబ్దాలకు పైగా తెలుసు. లేనిదల్లా తాగడానికి వేరే నీళ్లు.

తప్పు ఆ నేలదంటే నేలదే. ఈ ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్నది గ్రానైట్, నైస్ రాళ్లు. వాటిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి కరుగుతుంది. నీళ్లలో కాల్షియం తక్కువై, క్షారగుణం ఎక్కువైతే ఇంకా బాగా కరుగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్లు ఆ రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలవుండిపోతాయి. పైపైన ఉండే చెరువు ఊట నీళ్లతో ఇంత ముప్పు లేదు. మెట్లబావుల్లో దిగి నీళ్లు ముంచుకుంటే నారికురుపు వస్తుందని ఊరూరా చేతిపంపులు వేశారు. అది మంచిపనే, నారికురుపు పోయింది కూడా. కానీ కరువొచ్చిన ప్రతిసారీ బోరు మరింత లోతుకు దిగింది, పాత రాళ్లలోని నీళ్లు బిందెలోకి ఎక్కాయి.

తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా ఫర్వాలేదని, వేరే నీళ్లు దొరకనిచోట ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. అది దాటిన నీళ్లు తాగిన పిల్లలకు ముందు పళ్ల మీద గార కడుతుంది. గార అన్నామే గానీ అది తోమితే పోయేది కాదు, పన్ను లోపల తయారయ్యేటప్పుడే పడిన మచ్చ. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్ల లెక్క ఆ పళ్లు జీవితాంతం చూపిస్తాయి. అక్కడితో ఆగకపోతే ఎముకల వంతు వస్తుంది. స్నాయువులు గట్టిపడతాయి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వెనక్కి చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తంగా తిరగాలి. వంగిన ఎముకను నిలబెట్టే మందు లేదు.

అదే నీళ్లు తాగినా అందరికీ ఒకేలా రాదు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఫ్లోరోసిస్ ఉన్నచోట మోకాళ్లు రాసుకుంటూ పాదాలు ఎడంగా పడే పిల్లల గురించి అది. కాల్షియం చాలని తిండి తినే ఇంట్లో దెబ్బ గట్టిగా తగులుతుంది. ఫ్లోరోసిస్ నేల తెచ్చే జబ్బే అయినా, పాలు కొనగలిగిన ఇంటినీ కొనలేని ఇంటినీ అది వేరు చేసి చూస్తుందన్నమాట. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని అదే సంస్థ తర్వాత గమనించింది. పులుసు తినే జనానికి ఇది ఊరటే. అయితే పులుసును నమ్ముకుని ఆ నీళ్లే తాగమని కాదు.

నల్లగొండ పేరు విదేశాలకూ వెళ్లింది, ఒక పద్ధతి రూపంలో. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించిన ‘నల్లగొండ టెక్నిక్’ అది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, తేరనిచ్చి, పై తేటను వంచుకోవాలి. టాంజానియా, ఇథియోపియాల్లోనూ వాడి చూశారు. చెప్పుకోవడానికి చవకైన, చక్కని ఉపాయం. ఇంట్లో మాత్రం నిలబడలేదు. పటిక ఎంత వేయాలన్నది ఆ బోరు నీళ్ల క్షారతను బట్టి మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. పొద్దున్నే కూలికి పోయే మనిషి బకెట్ ముందు కూర్చుని ఈ కొలతలు వేస్తూ ఉండగలదా?

జనానికి కావలసింది పటిక కాదు, కృష్ణా నీళ్లు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఆ మాట ఢిల్లీకి వినపడేలా చెప్పింది. నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ధరావతు పెరగడానికి నెలలు చాలాయి. ఊరూరికీ నదినీళ్లు ఇస్తామన్న మిషన్ భగీరథ మొదలవడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది.

నల్లా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ నీళ్లే పట్టిస్తే పళ్లు తెల్లగానే వస్తాయి. మంచం పట్టిన తాత వెన్ను మాత్రం అలాగే ఉంటుంది. మోటారు చెడిపోయి రెండు రోజులు నల్లా రాకపోతే బిందె మళ్లీ పాత బోరు దగ్గరికే వెళ్తుంది. లేదంటే ఇరవై లీటర్ల క్యాన్. క్యాన్ అమ్మే కుర్రాడు పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తాడు. ఆ అంకె నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చేసే అంచనా. అందులో ఫ్లోరైడ్ ఎంతో ఆ పెన్ను చెప్పదు. అడగాల్సింది ఫ్లోరైడ్ పరీక్ష. గాజుగొట్టంలో నీళ్లు పోసి జిర్కోనియం కలిసిన రంగుచుక్కలు వేస్తారు. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపుకు దిగుతుంది. ఐదు నిమిషాల పని. ఆర్వో పొర కొత్తదైతే ఫ్లోరైడ్‌ను బాగానే ఆపుతుంది. మార్చకుండా వాడే ప్లాంటు నీళ్లకు బోరు నీళ్లకు తేడా ఏ మేరకో ఈ చుక్కలే చెప్పాలి.

ఇక మొట్టమొదట పేరెక్కిన కనిగిరి, దర్శి, పొదిలి. ఆ వైపుకు కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిందీ 1996లోనే. నల్లమల కొండల కింద జంట సొరంగాల తవ్వకం దశాబ్దాలు నడిచి, 2024 మార్చిలో వాటికి ప్రారంభోత్సవం చేశారు. సొరంగం నోటి నుంచి వదిలే నీళ్లతో జలాశయం నింపాలి. దానికి ముంపు ఊళ్లు ఖాళీ కావాలి. ఆ నిర్వాసితుల పరిహారం లెక్క ప్రారంభోత్సవం నాటికి తేలలేదు.