సీటుకు మతి తప్పిందా? కింద వంగి చూడండి!

విజయవాడ: కారు సీటుకు మతిమరుపు ఏమిటని నవ్వుకోవచ్చు. కాని పల్లెల్లోకి వస్తున్న ఖరీదైన కార్లు కొన్నింటిలో సీటుకు జ్ఞాపకం ఉంటున్నది. ఇంట్లో తండ్రి పొట్టి, కొడుకు ఆరడుగుల మనిషి అనుకుందాం. ఒకరు దిగి మరొకరు ఎక్కినప్పుడల్లా సీటు జరుపుకోనక్కరలేదు. తండ్రికి ఒకటో మీట, కొడుక్కు రెండో మీట. నొక్కితే చాలు, సీటు కింది మోటార్లు తిరిగి ఎవరి కొలతకు వారికి సర్దిపెడతాయి. అమెరికాలో 1957లోనే మెర్క్యురీ టర్న్‌పైక్ క్రూయిజర్ అనే కారుకు ఇటువంటి సీటు పెట్టారు. మన దేశంలో 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 పై రకాల్లోనూ ఈ ఏర్పాటు ఉన్నది.

ఈ జ్ఞాపకం తప్పినప్పుడే చిక్కు. షెడ్డుకు తీసుకుపోతే ‘మాడ్యూలు పోయింది, మార్చాలి’ అనే మాట ముందు వినబడుతుంది. మాడ్యూలంటే సీటును నడిపే చిన్న కంప్యూటరు పెట్టె. దాని ఖరీదుకు గుండె గుభేలుమంటుంది. ఒప్పుకునే ముందు కాస్త ఆగాలి. పెట్టె బాగానే ఉండి, లెక్క మాత్రమే తప్పి ఉండవచ్చు.

లెక్క ఏమిటంటారా? సీటు ఎక్కడున్నదో చూడడానికి పెట్టెకు కళ్లు లేవు. చాలా కార్లలో మోటారు తిరుగుతున్నప్పుడు హాల్ సెన్సార్ అనే చిన్న పరికరం సంకేతాలు పంపుతుంది. పెట్టె వాటిని లెక్కపెట్టుకుంటుంది. చేద దింపేవాడు గిలక ఎన్ని చుట్లు తిరిగిందో చూసి నీటి లోతు చెప్పినట్టే ఇదీ. సీటు కదులుతుండగా బ్యాటరీ నీరసించినా, తీగ ఊడినా లెక్క చెదురుతుంది. అందుకే ముందు బ్యాటరీ చూడాలి. బండి ఆపి ఉంచినప్పుడు మీటరులో 12.6 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు. 12 కంటె దిగితే సీటును తప్పుపట్టి లాభం లేదు.

బ్యాటరీ సరిగా ఉంటే లెక్క మళ్లీ నేర్పాలి. సీటును చివరిదాకా ముందుకు తెచ్చి, ఆగిన తర్వాత కూడా మీటను కొన్ని సెకండ్లు పట్టుకోవాలి. అట్లే చివరిదాకా వెనక్కు. ఎత్తుకూ, వీపు వాలుకూ ఇదే పద్ధతి. తర్వాత కావలసిన కొలత పెట్టుకుని సెట్ మీట, ఆపైన ఒకటో అంకె నొక్కాలి. కారు కారుకూ ఈ తంతు మారుతుంది గనుక బండితో ఇచ్చిన పుస్తకం చూడడం మేలు. గేరు పార్కింగులో లేకపోతే కొన్ని బళ్లలో సీటు అసలు కదలదు. అది జబ్బు కాదు, జాగ్రత్త.

మామూలు మీటలకు కూడా సీటు కదలకపోతే అది జ్ఞాపకం గొడవ కాదు. ఫ్యూజు, ఎర్త్ తీగ, సీటు కింది ప్లగ్గులు చూడాలి. జానెడు కూడా జరగకుండా, నొక్కినప్పుడల్లా కొంచెం కొంచెం కదిలి ఆగిపోతుంటే మోటారు తిరుగుతున్నది, సంకేతం అందడం లేదని అనుమానించాలి. లేదా పట్టాలో రూపాయి బిళ్లో, పెన్నో ఇరుక్కుని ఉండవచ్చు. ధాన్యం కొట్టు పక్కన, గడ్డివాము పక్కన కారు నిలిపేవారు ఎలుక కొరికిన తీగల కోసం వెతకాలి. పెట్టె మార్చినా, కొరికిన తీగ అతుక్కోదు గదా!

ఇంట్లో ఫ్యూజు పోతే రాగితీగ చుట్టే అలవాటు మనకు ఉన్నది. కారులో ఆ పని చేస్తే తీగలు కాలి నిప్పంటుకుంటుంది. మరొకటి, సీటు కింద పసుపు రంగు ప్లగ్గు కనిపిస్తే చేయి పెట్టవద్దు. అది ఎయిర్‌బ్యాగుది. ప్రాణం కాపాడే ఆ సంచి సీటు పక్కనే ఉంటే, అజాగ్రత్తగా కెలికినప్పుడు పేలి మనిషిని గాయపరచవచ్చు. తెలిసిన మెకానిక్ అయినా ముందు బ్యాటరీ తీగ విప్పి, కొన్ని నిమిషాలు ఆగాకే ప్లగ్గు ముట్టుకుంటాడు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు ఈ సీటు సంగతి మరింత పట్టించుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నది. ఎన్నో వాహనాలు మునిగాయి. వరదనీరు కారులోకి వస్తే ముందు తడిసేది నేల, సీట్ల కింది తీగలు. పైన తుడిచి రంగు వేస్తే బండి తళతళలాడుతుంది. ప్లగ్గుల్లోని చిలుము మాత్రం లోలోపల తింటూ, నెలల తర్వాత బయటపడుతుంది. సీటు మతి తప్పడం దానికి తొలి గుర్తు కావచ్చు.

కాబట్టి బేరం మాట్లాడే ముందు కింద వంగి చూడాలి. సీటు బోల్టులకు, పట్టాలకు తుప్పు ఉన్నదా? సీటు బెల్టును చివరిదాకా లాగితే మట్టి చార కనిపిస్తున్నదా? కార్పెట్టు ఎత్తితే ఒండ్రు వాసన వస్తున్నదా? స్టెప్నీ గుంటలో బురద మిగిలిందా? ఇన్సూరెన్సు క్లెయిము ఏదైనా జరిగిందేమో కాగితాలు అడగాలి. అమ్మేవారి ఎదుటే కొలత పెట్టి, సీటు జరిపి, బండి తాళం వేయించాలి. మర్నాడు ఉదయం వెళ్లి ఒకటో మీట నొక్కి చూసిన తర్వాతే బయానా ఇవ్వాలి.