వంతెనా, భోజనపు పుల్లలా?

హౌరా వంతెన దాటి ప్రతిదినమూ కార్యాలయానికి వచ్చే మనలో ఎందరికో, జపాను భాషలో వంతెనను 'హషి' అంటారని తెలియదు. మాకూ ఇటీవలి వరకు తెలియదు. శిక్షణ నిమిత్తం జపాను వెళ్లనున్న సహోద్యోగి ఒకరు సాయంకాలపు తరగతిలో చేరి, భోజన విరామంలో పాఠం వల్లిస్తుండగా విన్నాము. పాపం, ఆయన వంతెన అన్న ప్రతిసారీ ఉపాధ్యాయునికి అన్నం తినే పుల్లలే వినిపించాయట! ప్రక్క బల్ల వద్ద బెంగాలీ మిత్రులు నవ్వారు. వారి భాషలో 'హాషి' అంటే నవ్వే కదా.

లోపం అక్షరాలలో లేదు, స్వరస్థాయిలో ఉన్నది. టోక్యో ఉచ్చారణలో 'హ'ను పైస్థాయిలో పలికి 'షి'ని దించితే పుల్లలు. 'హ'ను క్రింద పలికి 'షి'ని ఎత్తితే వంతెన. 'అంచు' అనే మరొక 'హషి' కూడా అట్లే పైకి లేస్తుంది. మరి ఈ రెండింటికీ భేదమేమి? 'గ' అనే ప్రత్యయం చేర్చినప్పుడు అది బయటపడుతుంది. వంతెన తరువాతి 'గ' క్రిందికి జారుతుంది, అంచు తరువాతిది పైననే నిలుస్తుంది. కనుక చెవి పట్టుకోవలసినది స్వరం పడే చోటును. ఒక పదంలో పడిన స్వరం మరల లేవదు. కొన్ని పదాలలో అసలు పడనే పడదు. మా మిత్రుడు గట్టిగా ఒత్తి పలికి చూశారు కాని, అది దీనికి మందు కాదు. క్యోటోలో మరొక చిక్కు: అక్కడ వంతెన పైనుండి దిగుతుంది, పుల్లలు పైకి లేస్తాయి!

మనమూ స్వరం ఎత్తి దించుతాము. అయితే అది వాక్యభావం కొరకు. కలకత్తా విశ్వవిద్యాలయంలో చదివిన అదితి లాహిరి, బ్రూస్ హేస్‌తో కలిసి 1991లో ప్రచురించిన వ్యాసంలో, అవునా కాదా అని అడిగే బెంగాలీ ప్రశ్న చివర స్వరం లేచి, వెంటనే పడుతుందని వివరించారు. బస్సులో చెవియొగ్గి వినండి.

స్వరభేదం వలన పదార్థమే మారడం మన పెద్దలకు క్రొత్త కాదు. త్వష్ట యజ్ఞంలో పలికిన 'ఇంద్రశత్రు' శబ్దం కథ తెలిసినదే. ఉదాత్తం చివర ఉంటే 'ఇంద్రుని సంహరించువాడు'. మొదట ఉంటే 'ఇంద్రుడే సంహర్తగా గలవాడు'. ఒక్క అక్షరమైనా మారకుండానే వృత్రుని ప్రాణం పోయింది.

జపానులో అంత ప్రమాదం లేదు. సందర్భాన్నిబట్టి వారే గ్రహిస్తారు. పుల్లల మీదుగా నది దాటేవారు ఉండరు కదా! అయినా మా మిత్రుడు ఇప్పుడు ప్రతి నామవాచకాన్నీ 'గ' చేర్చియే వల్లిస్తున్నారు. నిన్న సాయంత్రం బస్సు హౌరా వంతెన ఎక్కగానే 'హషిగ' అన్నారు. 'గ' క్రిందికే పడింది.