పడవ లోపలినుండి నీటి లోతును కొలుచుట

గోదావరిపై లాంచీలు విరివిగా తిరిగిన దినములలో, సరంగునకు తోడుగా ఒకడు పడవ ముందుభాగమున నిలిచి, పొడవైన వెదురుగడను నీటిలో దించుచు లోతును కేకవేసి చెప్పెడివాడు. ఇసుక మేటలు ఏటేట చోటు మార్చుకొను నదిలో ఆ గడయే పడవకు కన్ను. సముద్రముపై నావికులు సీసపు గుండును త్రాటికి కట్టి దింపెడివారు. నేడు మోటారు పడవలలో ఆ పనిని ప్రతిధ్వని చేయుచున్నది. అయితే గడకు లేని చిక్కు ఒకటి ఈ సాధనమునకు కలదు. దీనిని పడవలో తగని చోట అమర్చినచో లోతును చెప్పకుండును, లేదా తప్పుగా చెప్పును. మేట వైపునకు వేగముగా పోవుచున్న పడవకు ఈ రెండును ప్రమాదకరములే.

ప్రతిధ్వనితో కొలత

1826లో కొలాడన్, స్టర్మ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు జెనీవా సరస్సులో నీట ముంచిన గంటను మ్రోగించి, అదే క్షణమున పైన మందుగుండు వెలిగించు ఏర్పాటు చేసిరి. దూరమున నున్న మరియొక పడవలో వెలుగు కనిపించుటకును, గంట వినిపించుటకును నడుమ గడచిన కాలమును కొలువగా, నీటిలో ధ్వని వేగము సెకనుకు 1,435 మీటర్లని తేలెను. సముద్రపు నీటిలో ఇది సుమారు 1,500 మీటర్లు. పడవనుండి బయలుదేరిన ధ్వని అడుగును తాకి 0.04 సెకనులో తిరిగి వచ్చినదనుకొందము. ఆ కాలములో అది నడచిన దూరము 60 మీటర్లు. ఇందులో రాకపోకలు రెండును చేరినవి కనుక లోతు 30 మీటర్లు.

ఈ ధ్వనిని పుట్టించి, తిరిగి వచ్చిన దానిని పట్టుకొను బిళ్లను ధ్వని పరివర్తకమందురు. నావికులు దీనిని ట్రాన్స్‌డ్యూసర్ అని పిలుతురు. కొన్ని స్ఫటికములను నొక్కినప్పుడు విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. వానికి విద్యుత్తును అందించినచో అవి కంపించును. నేటి పరివర్తకములలో ఇట్టి గుణముగల పింగాణి బిళ్లలను వాడుచున్నారు. చిన్న పడవలలోని సాధనములు సాధారణముగా సెకనుకు 50 వేలు, లేక 2 లక్షల కంపనములుగల ధ్వనిని పంపును. ఇది మన చెవికి వినిపించదు.

గాలియే శత్రువు

పరివర్తకమును పడవ వెలుపల బిగించినచో దుంగలు, వలలు తగిలి చెడవచ్చును. అడుగున రంధ్రము చేసి అమర్చినచో నీరు ఊరు భయమున్నది. అందుచేత పలువురు దానిని లోపలనే అంటించి, పడవ అడుగు గుండా ధ్వనిని పంపుదురు. కాని ఇది అన్ని పడవలకును సాధ్యము కాదు.

ధ్వని ఒక పదార్థమునుండి మరియొక దానిలోనికి పోవునప్పుడు కొంత లోనికి పోవును, కొంత వెనుకకు మరలును. ఆ రెండు పదార్థముల సాంద్రతలు, వానిలో ధ్వని వేగములు ఎంత భిన్నములైన అంత ఎక్కువ భాగము మరలిపోవును. నీరు, గాలి కలియుచోట వేయింట ఒక వంతు మాత్రమే దాటి, తక్కినదంతయు మరలును. కావున పరివర్తకమునకును నీటికిని నడుమ పలుచని గాలిపొర ఉన్నను మార్గము మూసికొనినట్లే.

గట్టి ఫైబర్ గ్లాసు అడుగు ధ్వనిని చాలవరకు పోనిచ్చును. కాని బరువు తగ్గించుటకై కొన్ని పడవలలో రెండు ఫైబర్ గ్లాసు పొరల నడుమ తేలిక కొయ్యనో, నురుగు వంటి పదార్థమునో నింపుదురు. అందలి గాలి గదులు ధ్వనిని ఆపివేయును. కొయ్య పడవలకు, ఉక్కు పడవలకు కూడ ఈ పద్ధతి తగదు.

తగిన అడుగునందును కొంత నష్టము తప్పదు. అది ధ్వనిలో సగమునే పోనిచ్చినదనుకొందము. తిరిగి వచ్చు ప్రతిధ్వనిలోను సగమే లోనికి చేరును. కనుక మిగులునది నాలుగవ వంతు.

చోటును ఎన్నుకొనుట

పడవ వేగముగా పోవునప్పుడు దాని ముక్కు నీటిపైకి లేచును. అందుచేత పరివర్తకము వెనుక భాగమున, ఎల్లప్పుడును నీటిలో నుండు చోట ఉండవలెను. అడుగున నడిమి వెన్ను వెంట ఫైబర్ గ్లాసు మందముగా నుండును గనుక, వెన్నుపై గాక దానికి ప్రక్కగా అమర్చుట మేలు. ఆ చోటికి ముందు వెలుపలి అడుగున గట్లు, రంధ్రములు ఉండరాదు. వానివలన పుట్టిన బుడగలు ధ్వనికి అడ్డు వచ్చును. మరచక్రము నీటిని చిలుకు చోటికిని దూరముగా నుండవలెను.

అడుగు ఏటవాలుగా నున్నచో ధ్వని కూడ ఏటవాలుగా పోవును. 20 డిగ్రీల వాలున 30 మీటర్ల లోతునకు ధ్వని మార్గము దాదాపు 32 మీటర్లగును. ప్రతిధ్వనిలో కొంత ప్రక్కకు తొలగిపోవును కూడ. దీనికి విరుగుడుగా వాలునకు సరిపడ కోసిన చిన్న పెట్టెను అడుగునకు అంటించి, నూనె వంటి ద్రవముతో నింపి, అందులో పరివర్తకమును నిటారుగా నిలుపుదురు.

అంటించుటకు ముందు పరీక్ష అవసరము. పలుచని ప్లాస్టిక్ సంచిలో నీరు నింపి, తడిపిన అడుగుపై నుంచి, పరివర్తకమును ఆ సంచిలో అడుగునకు ఆనించి చూడవలెను. పడవ నిలిచియున్నప్పుడు వచ్చిన అంకెను గడతోనో, గుండుతోనో సరిచూడవలెను. పిదప వేగముగా నడిపి, అంకెలు నిలుకడగా వచ్చుచున్నవో లేదో గమనింపవలెను. అంటించునప్పుడు రంగును గీకివేసి, జిగురులో ఒక్క బుడగయు మిగులకుండ త్రిప్పుచు నొక్కవలెను.

సాధనము చూపునది పరివర్తకమునుండి లోతు. వెన్ను దానికంటె 20 సెంటీమీటర్లు క్రిందికి ఉన్నచో, సాధనము 1 మీటరు చూపినప్పుడు వెన్ను క్రింద మిగిలిన నీరు 80 సెంటీమీటర్లే. ఈ తీసివేతను మరచినవాడు లోతు కలదను ధైర్యముతోనే మేటపై చిక్కుకొనును.

ఆసుపత్రిలో స్కానింగు చేయు వైద్యుడు కడుపుపై జిగట లేపనము పూయుట అందరును ఎరిగినదే. చర్మమునకును సాధనమునకును నడుమ గాలి నిలువకుండుటకే ఆ లేపనము. పడవలోని జిగురు చేయు పనియు అదియే.