ఎవరు చేయాలో చెప్పని హెచ్చరిక

కె.జి.ఎఫ్. (కోలార్ బంగారు గనులు)లో తూటాలు పేల్చినప్పుడు శబ్దాలు లెక్కపెట్టేవారు. పెట్టిన తూటాలతో లెక్క కుదరకపోతే ఏదో ఒకటి పేలకుండా మిగిలిందనే అనుకోవాలి. 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ 'జాగ్రత్తగా ఉండండి' అని ఊరుకోలేదు, ఆ లెక్కపెట్టే పనిని తూటాలు పేల్చే బ్లాస్టర్‌కు అప్పగించాయి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు మారికుప్పం, బంగారపేట నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్లేవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ ఉన్నారు. వాళ్లు రాసే భద్రతా సూచనలకూ ఆ గని నిబంధనల ఖచ్చితత్వం కావాలి.

ఉదాహరణకు కంపైలర్ల సంగతి చూడండి. ప్రోగ్రామర్ రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. అదే పనిని మరో ప్రోగ్రాం తన లోపలే చేయించుకోవడానికి వీలిచ్చేది కంపైలర్ లైబ్రరీ. 2015లో జీసీసీ అనే కంపైలర్ 5వ వెర్షన్‌తో వచ్చిన లిబ్‌జీసీసీజిట్ అలాంటిదే. 2022లో విడుదలైన ఈమాక్స్ 28 ఎడిటర్ దాన్ని వాడుకోగలదు.

చిక్కు ఎక్కడంటే, కంపైలర్‌ను కట్టినవారు కోడ్ ఇచ్చే మనిషి మనవాడేనని నమ్మి కట్టారు. ముక్కూమొహం తెలియనివాడు కోడ్ పంపితే? వేలాది బ్రాకెట్లు ఒకదానిలో ఒకటి ఇరికించి కంపైలర్ వాడే స్టాక్ మెమరీని నింపేయవచ్చు. సర్వర్‌లోని రహస్య ఫైలును 'ఇన్‌క్లూడ్' చేయమని ఒక్క వరుస రాస్తే, కంపైలర్ చూపే దోష సందేశాల్లోనే ఆ ఫైలులోని వరుసలు బయటపడవచ్చు. తయారైన ప్రోగ్రాంను నడపకముందే ఇంత ముప్పు! లైబ్రరీ అయితే ఇదంతా దాన్ని పిలిచిన ప్రోగ్రాం ఇంట్లోనే, దాని అధికారాలతోనే జరుగుతుంది.

అందుకే జీసీసీ 2023లో తన భద్రతా విధానాన్ని రాసిపెట్టింది. కంపైలర్‌కు ఇచ్చే సోర్స్ కోడ్ నమ్మదగినదై ఉండాలి. చెడ్డ కోడ్‌తో కంపైలర్ కూలిపోతే అది మామూలు దోషమే, భద్రతా లోపం కాదు. లిబ్‌జీసీసీజిట్ విషయంలో కోడ్‌ను మార్చే దశను, దాన్ని నడిపే దశను రెండింటినీ శాండ్‌బాక్స్‌లో, అంటే మిగతా వ్యవస్థను తాకలేని కంచె లోపల, ఉంచమని సలహా ఇచ్చింది. నా దృష్టిలో ఆ పత్రంలో అన్నిటికన్నా విలువైన మాట 'రెండింటినీ' అన్నదే. అది లేకపోతే చాలామంది నడిపే దశకే కంచె వేసి, మార్చే దశను తెరిచి ఉంచేస్తారు.

'నమ్మలేని ఇన్‌పుట్‌తో జాగ్రత్త' అనే వాక్యం ఎవరికీ పని చెప్పదు. లైబ్రరీ దేనికి పూచీ ఇవ్వదో, కంచె ఎవరు వేయాలో, ఏ దశకు వేయాలో చెబితేనే అది సూచన అవుతుంది. మీరు లైబ్రరీ రాస్తున్నవారైతే ఆ వాక్యాలను మొదటి పేజీలోనే పెట్టండి.