ఇంటి ఆవరణలో రాతి, కాంక్రీటు బాటల సంరక్షణ

ఇంటి ఆవరణలో గేటు నుండి గుమ్మం వరకు, ఇంటి చుట్టూ, పెరటి కుళాయి వద్దకు రాతి పలకలతో గాని కాంక్రీటుతో గాని బాటలు వేసుకుంటారు. ఇవి ఆరుబయట ఉండటం వలన ఎండకు, వానకు, బురదకు నిరంతరం గురవుతాయి. వీటిపై పాకుడు, మరకలు, పగుళ్ళు రాకుండా చూడటం ఇంటి నిర్వహణలో ఒక భాగం. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాలలో ఈ బాటలకు నాపరాయి విరివిగా వాడుతారు. నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. అందువలన చాలామంది అలవాటుగా వాడే యాసిడ్ దీనికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. బాట ఏ రాయితో వేసినదో తెలుసుకొని, దానికి తగిన పద్ధతిని ఎంచుకోవడం సంరక్షణలో మొదటి మెట్టు.

బాటలకు వాడే రాళ్ళు

కడప నల్లరాయి, బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ళు ఈ ప్రాంతానికి సుపరిచితాలు. ఇవన్నీ పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాళ్ళు. పొరల వెంబడి సులభంగా చీలుతాయి కాబట్టి పలకలుగా తీయడం తేలిక. వీటిలో ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేటు. కృష్ణా తీరంలోని అమరావతి స్తూపపు శిల్పాలను చెక్కినది కూడా పలనాటి సున్నపురాతి మీదనే.

ప్రకాశం జిల్లా చీమకుర్తి వంటి చోట్ల లభించే గ్రానైటు దీనికి భిన్నమైనది. అది భూగర్భంలో కరిగిన శిలాద్రవం గట్టిపడగా ఏర్పడిన రాయి. దానిని సాధారణ ఆమ్లాలు అంతగా బాధించవు. కాంక్రీటు, సిమెంటు టైల్స్, పేవర్ బ్లాకులలో కంకర, ఇసుకలను పట్టి ఉంచేది సిమెంటు. సిమెంటులోనూ సున్నపు పదార్థాలు ఉంటాయి కాబట్టి ఆమ్లానికి అదీ కరుగుతుంది.

రాయిని గుర్తించడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కనబడని మూలలో రాతిని మేకుతో గీకి, వచ్చిన పొడిపై నిమ్మరసం చుక్క వేయాలి. సన్నని బుడగలు వస్తే అది సున్నపురాయి. బొగ్గుపులుసు వాయువు వెలువడటం వలన ఈ బుడగలు ఏర్పడతాయి.

డెల్టా వాతావరణం, నేల

ఈ ప్రాంతంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు, తుఫానుల వలన వర్షాలు పడతాయి. అంటే ఏడాదిలో సగం కాలం బాటలు తడిసే అవకాశం ఉంది. ప్రహరీ గోడకు, ఇంటికి మధ్య ఉండే ఇరుకు సందులలో ఎండ పడక తేమ ఆరదు. అక్కడే పాకుడు త్వరగా పడుతుంది.

డెల్టాలో విస్తారంగా ఉన్న నల్లరేగడి నేల నీరు పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోయి బీటలు వారుతుంది. ఈ కదలిక వలన రాతి పలకలు ఒక ప్రక్కకు ఒరగడం, కాంక్రీటు పగలడం జరుగుతుంది. పగుళ్ళలోను, ఒరిగిన పలకల పల్లంలోను నీరు నిలిచి మళ్ళీ పాకుడుకు తావిస్తుంది. సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న అనేక గ్రామాలలో భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. అటువంటి బోరు నీటితో రోజూ కడిగితే నీరు ఆవిరై, ఉప్పు రాతి రంధ్రాలలో స్ఫటికాలుగా మారి పైపొరను పెచ్చులుగా లేపుతుంది.

పాకుడు తొలగించడం

పాకుడు అనేది నాచు, సూక్ష్మజీవుల సన్నని పొర. తడిసినప్పుడు ఇది జిగురుగా మారి కాలు జారుతుంది. వృద్ధులు ఇంటి ఆవరణలోనే జారిపడి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది కాబట్టి దీనిని కేవలం అందానికి సంబంధించిన విషయంగా చూడరాదు.

మొదట పొడిగా ఉన్నప్పుడే కొబ్బరి ఈనెల చీపురుతో మట్టి, ఆకులు ఊడ్చివేయాలి. తరువాత నీళ్ళు చల్లి, గట్టి ప్లాస్టిక్ కుచ్చు గల బ్రష్షుతో సబ్బు నీళ్ళు పోసి రుద్దాలి. ఇనుప తీగల బ్రష్షు నాపరాతిపై గీతలు పెడుతుంది. దాని నుండి రాలిన ఇనుప ముక్కలు తుప్పు మరకలు మిగులుస్తాయి.

రుద్దినా పోని పాకుడుకు బ్లీచింగ్ పౌడరు వాడవచ్చు. లీటరు నీటికి సుమారు 10 గ్రాముల చొప్పున కలిపి, కొంతసేపు కదపకుండా ఉంచి, పైకి తేరిన నీటిని మాత్రమే వాడాలి. అడుగున మిగిలే సున్నపు మడ్డి రాతిపై తెల్లని చారలు మిగులుస్తుంది. తేరిన నీటిని బాటపై పోసి, పది పదిహేను నిమిషాల తరువాత రుద్ది, మంచినీటితో బాగా కడగాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఈ నీరు తులసికోటకు, మొక్కల పాదులకు పారకుండా చూడాలి.

ప్రెషర్ వాషర్ వాడేటప్పుడు నీటి ధారను వెడల్పుగా పెట్టి, కనీసం ఒక అడుగు దూరం నుండి కొట్టాలి. మరీ దగ్గరగా కొడితే నాపరాతి పొరలు లేస్తాయి, పేవర్ బ్లాకుల మధ్య ఇసుక కొట్టుకుపోతుంది.

యాసిడ్ వలన నష్టం

మరుగుదొడ్లు కడగడానికి అమ్మే యాసిడ్‌లో సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ఇది కాల్షియం కార్బొనేటుతో కలిసి నీటిలో కరిగే కాల్షియం క్లోరైడుగా మారుతుంది. పోసిన వెంటనే రాయి పొంగి మురికి పోయినట్లు కనబడుతుంది. నిజానికి పోయినది మురికితో పాటు రాతి పైపొర కూడా. నునుపు పోయిన రాతి గుంటలలో తేమ, మట్టి మరింతగా పట్టి, తరువాతి వర్షాలకు పాకుడు ఇంకా త్వరగా వస్తుంది. దానికి మళ్ళీ యాసిడ్ పోస్తే రాయి మరింత అరిగిపోతుంది.

అంతకంటే ప్రమాదకరమైన విషయం మరొకటి ఉంది. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును కలిపినా, ఒకదాని తరువాత ఒకటి కడగకుండా పోసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఎక్కువ మోతాదులో ప్రాణాంతకం. గాలి ఆడని సందులలో ప్రమాదం మరీ ఎక్కువ. ఘాటైన వాసన వస్తే వెంటనే పని వదిలి ఆరుబయట గాలికి వెళ్ళాలి. యాసిడ్ చిల్లర అమ్మకాలపై సుప్రీంకోర్టు 2013లో ఆంక్షలు విధించింది.

సాధారణ మరకలు

* నిమ్మ, చింతపండు: వాహన పూజలో తొక్కించే నిమ్మకాయల రసం, ఇత్తడి సామాను తోమే చింతపండు పులుసు నల్లరాతిపై తెల్లని మచ్చలు వేస్తాయి. ఇవి మరకలు కావు, ఆమ్లం తిన్న చోట్లు. కడిగితే పోవు, రాతికి మళ్ళీ పాలిష్ పట్టించాలి. పులుపు పడిన వెంటనే నీళ్ళు పోయడమే నివారణ.
* పసుపు: గడప వద్ద పడిన పసుపు రంగు ఎండ తగిలితే క్రమంగా వెలిసిపోతుంది. దీనికి రసాయనాలు అవసరం లేదు.
* నూనె: దీపాల నూనె, వాహనాల ఇంజన్ ఆయిల్ పడిన చోట రంపపు పొట్టు గాని ముగ్గుపిండి గాని చల్లి, అది పీల్చుకున్న తరువాత ఊడ్చి, వేడి సబ్బు నీటితో రుద్దాలి.
* ఉప్పు పూత: కొత్త కాంక్రీటుపై తెల్లగా తేలే పొడిని ముందు పొడి బ్రష్షుతో ఊడ్చాలి. నీళ్ళు పోస్తే అది కరిగి మళ్ళీ లోపలికే ఇంకుతుంది.
* రంగు ముగ్గులు: ఎనామిల్ రంగుతో వేసిన శాశ్వత ముగ్గులు తడిసినప్పుడు జారుతాయి. నడిచే దారికి ప్రక్కగా వేసుకోవడం మంచిది.

వరద తరువాత

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదటి వారంలో కురిసిన భారీ వర్షాలకు బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీరు తీసిన తరువాత వీధులలో, ఇళ్ళలో పేరుకుపోయిన బురదను కడగడానికి అగ్నిమాపక శకటాలను వినియోగించారు.

వరద బురదలో మురుగు కూడా కలిసి ఉంటుంది. అది తడిగా ఉండగానే పారలతో తీసివేయాలి. ఎండితే రాతికి గట్టిగా అంటుకుంటుంది. మట్టి పూర్తిగా పోయిన తరువాతనే బ్లీచింగ్ నీరు పోయాలి. బురదపై పోసిన బ్లీచింగ్ శక్తి బురదలోనే ఖర్చయిపోతుంది. ఆవరణలోని మోటారు, విద్యుత్తు తీగలు సురక్షితమని తేలేవరకు ఆ తడిలో అడుగుపెట్టరాదు.

రక్షణ పూతలు, నిర్మాణ జాగ్రత్తలు

రాతికి పూసే సీలర్లు రెండు రకాలు. రాతి రంధ్రాలలోకి ఇంకి నీటిని అంటనీయనివి మొదటి రకం. వీటిలో సైలేన్, సైలాక్సేన్ ముఖ్యమైనవి. పైన మెరిసే పొరగా ఏర్పడే ఆక్రిలిక్ వంటివి రెండవ రకం. భూగర్భజలం పైకి దగ్గరగా ఉండే డెల్టాలో క్రింది నుండి తేమ ఎగబ్రాకుతుంది కాబట్టి రెండవ రకం పొర తెల్లబడి ఊడిపోయే అవకాశం ఉంది. తడిసినప్పుడు అది జారుతుంది కూడా. ఏ పూతనైనా బాట పూర్తిగా ఆరిన వేసవిలో వేయాలి. కొత్త కాంక్రీటుకు కనీసం 28 రోజులు ఆగాలి. సీలర్ వేసినంత మాత్రాన సున్నపురాతికి ఆమ్లం నుండి పూర్తి రక్షణ లభించదు.

పూతల కంటే నీటి వాలు ముఖ్యం. ఇంటి నుండి బయటకు ప్రతి 50 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంటే నీరు నిలవదు. బాట వేసే ముందు నల్లమట్టి కొంత లోతు తీసివేసి, గ్రావెల్‌తో మెరక చేసి దిమ్మిస కొట్టించాలి. ఎండ పడని సందులలో పాలిష్ రాయి కాకుండా గరుకు రాయి వేయాలి. వర్షాకాలానికి ముందు ఒకసారి, డిసెంబరు వర్షాలు ముగిసిన తరువాత మరొకసారి బాటను శుభ్రం చేసి, పగుళ్ళను సిమెంటుతో పూడ్చితే యాసిడ్ అవసరం రాదు.

ఇవి కూడా చూడండి

* నాపరాయి
* సున్నపురాయి
* బుడమేరు
* ప్రకాశం బ్యారేజీ